శిక్షణ ఎట్లుందో హాల్లో అడగొద్దు, మూడో తరగతిలో చూడాలె

ఎమ్మార్సీలో, అంటే మండల వనరుల కేంద్రంలో, టీచర్లకు ఇచ్చే ఐదు రోజుల శిక్షణ ముగిసే సాయంత్రం ఒక కాగితం చేతికొస్తుంది. పైన పేరు, బడి, ఫోన్ నంబరు. కింద ఐదారు ప్రశ్నలు: శిక్షణ ఉపయోగపడిందా, రిసోర్స్ పర్సన్ బాగా చెప్పారా, భోజనం, వసతులు ఎలా ఉన్నాయి. అప్పటికే బస్సు టైము దగ్గర పడుతుంటుంది. నర్సంపేట పోవాల్సినవాళ్లు, పరకాల పోవాల్సినవాళ్లు 'చాలా బాగుంది' గడిలో పైనుంచి కిందిదాకా టిక్కులు పెట్టి, సంతకం చేసి బయటపడతారు. వారం తిరిగేసరికి ఆ టిక్కులే నివేదికగా మారతాయి. శిక్షణ విజయవంతం.

ఆ కాగితంలో ఉన్నది అబద్ధమని నేను అనను. శిక్షణ ఇచ్చిన సారు పక్క స్కూల్ కాంప్లెక్సులో (చుట్టుపక్కల బడుల గుంపులో) పనిచేసే మనిషే. రేపు ప్రమోషన్ల దగ్గరో, సంఘం మీటింగులోనో ఎదురుపడతాడు. ఆయనకు పేరు రాసి, సంతకం పెట్టి 'బాగాలేదు' అని ఎవరూ ఇవ్వరు. ఇవ్వాలని కోరడం కూడా న్యాయం కాదు. కానీ ఆ కాగితానికి తెలిసింది ఆ ఐదు రోజులు హాల్లో ఎలా గడిచాయన్నది మాత్రమే. టీచరు తన బడికి తిరిగిపోయి సోమవారం పొద్దున ఏం మార్చాడు, ఆ మార్పుతో మూడో తరగతి పిల్ల చదువులో ఏం కదిలింది అన్నది ఆ కాగితానికి తెలియదు. తెలిసే వీలూ లేదు.

శిక్షణల మూల్యాంకనానికి డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో నాలుగు మెట్లు చెప్పాడు. వచ్చినవాళ్లకు నచ్చిందా, వాళ్లు నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, వాడితే ఫలితం మారిందా. మన దగ్గర మొదటి మెట్టు మీదే కూర్చుంటాం. మహా అయితే ప్రీ-టెస్టు, పోస్ట్-టెస్టు అని 20 ప్రశ్నల పేపరు ఇచ్చి రెండో మెట్టు తొక్కుతాం. దీక్ష ఆన్‌లైన్ వేదికలో టీచర్ల కోసం పెట్టిన నిష్ఠ కోర్సు చివర వచ్చే క్విజ్ కూడా రెండో మెట్టే. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంది. గంటలు లెక్కపెట్టడం తేలిక కాబట్టి వాటినే లెక్కపెడుతున్నాం. నా వాదన ఒక్కటే. మూడో మెట్టూ నాలుగో మెట్టూ కొలవడం మండల స్థాయిలో, ఉన్న మనుషులతోనే సాధ్యం. కొలవకుండా ఇంకో ఐదు రోజుల శిక్షణ పెట్టడం తప్పు.

'కొలుస్తూనే ఉన్నాం కదా, బేస్‌లైన్, మిడ్‌లైన్, ఎండ్‌లైన్ అన్నీ ఉన్నాయి' అనే జవాబు వెంటనే వస్తుంది, అంటే ఏడాది మొదట, మధ్యలో, చివర పిల్లలకు పెట్టే పరీక్షలు. ప్రాథమిక బడుల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచే తెలంగాణ ప్రభుత్వ కార్యక్రమం 'తొలిమెట్టు' 2022లో మొదలైనప్పటి నుంచి ఆ మాటలు ప్రతి ప్రాథమిక పాఠశాల రిజిస్టరులోనూ ఉన్నాయి. అక్కడ రెండు పెద్ద చిక్కులున్నాయి.

మొదటిది, పరీక్ష పెట్టేది టీచరే, దిద్దేది టీచరే, యాప్‌లో ఎక్కించేదీ టీచరే. ఆ అంకెలు చూసి మీటింగులో నిలబెట్టి అడిగేది పైవాళ్లు. అలాంటప్పుడు అంకె తనంతట తానే పెరుగుతుంది. ఇందులో టీచరు మోసం ఉండాల్సిన పని లేదు. పిల్ల తడబడుతుంటే మొదటి అక్షరం అందించడం బడిపంతులుకు ఊపిరంత సహజం. పాఠం చెప్పేటప్పుడు అది మంచి గుణం. కొలిచేటప్పుడు అదే అంకెను చెడగొడుతుంది.

రెండోది ఇంకా లోతైనది. జూన్ 12న బడి తెరిచిన రోజుకూ ఫిబ్రవరికీ మధ్య పిల్లలు ఎనిమిది నెలలు పెద్దవుతారు. శిక్షణ జరిగినా జరగకపోయినా కొందరికి చదువు వస్తుంది. ఒక మండలంలో వందమందిలో 30 మంది జూన్‌లో పేరా చదివారనుకుందాం. ఫిబ్రవరిలో 48 మంది చదివారు. 18 మంది పెరిగారు, శిక్షణ ఫలించింది అని రాసేస్తాం. శిక్షణ అందని బడుల్లో కూడా అదే కాలంలో 30 నుంచి 45కు వచ్చారని తేలితే? అప్పుడు శిక్షణ వాటా 18 కాదు, 3. శిక్షణ లేని బడిని పక్కన పెట్టుకోకుండా ఆ 3 ఎప్పటికీ కనబడదు. మన నివేదికలన్నీ ఆ 18ని శిక్షణ ఖాతాలో వేస్తున్నాయి.

దీనికి తోడు వెనకబడిన బడులను ఏరి ప్రత్యేక శిక్షణ ఇచ్చే అలవాటు ఒకటుంది. ఉద్దేశం మంచిదే. కానీ మన తండాల్లో, గూడేల్లో మూడో తరగతిలో ఆరుగురు పిల్లలుంటే చాలా ఎక్కువ. ఆరుగురిలో ఒక్క పిల్ల చదివినా చదవకపోయినా దాదాపు 17 శాతం తేడా వస్తుంది. బాగా చదివే పిల్ల ఆ రోజు జ్వరంతో రాకపోతే ఆ బడి 'అట్టడుగు పది'లో చేరుతుంది. మళ్లీ పరీక్ష పెట్టిన రోజు ఆ పిల్ల వస్తుంది, బడి పైకి లేస్తుంది. మధ్యలో శిక్షణ జరిగింది కాబట్టి మెచ్చుకోలు శిక్షణకు పోతుంది. అట్టడుగు బడులను మాత్రమే తీసుకొని ముందూ వెనకా పోల్చితే ఏ పథకమైనా గెలిచినట్టే కనబడుతుంది.

పరాఖ్ (జాతీయ మూల్యాంకన సంస్థ) వాళ్లు 2024 డిసెంబరులో చేసిన సర్వే, అంతకుముందు 2021 నవంబరులో జరిగిన జాతీయ సాధన సర్వే ఈ పనికి రావు. అవి జిల్లా ఆరోగ్యం చెప్పే అంకెలు. ఫలానా మండలంలో ఫలానా శిక్షణ పనిచేసిందా అని అడిగితే వాటి దగ్గర జవాబు లేదు.

మరి పోల్చడానికి శిక్షణ లేని బడి ఎక్కడ దొరుకుతుంది? అందరికీ ఇవ్వాల్సిందే కదా. ఇక్కడే మన పద్ధతిలో ఒక వరం దాగి ఉంది. ఎక్కడైనా శిక్షణ ఒకేసారి అందరికీ జరగదు, బ్యాచులుగా జరుగుతుంది. హాలు చాలదు, బడులు మూతపడతాయి, అందుకని మొదటి విడత, రెండో విడత అంటాం. ఇప్పుడు ఆ విడతలను ఎలా వేస్తున్నాం? అక్షర క్రమంలో, కాంప్లెక్సుల వారీగా, లేదంటే ముందు వస్తామన్నవాళ్లను ముందు. ముందు వస్తామన్న టీచర్లు సాధారణంగా ఉత్సాహవంతులు. వాళ్ల బడులు శిక్షణ లేకున్నా మెరుగ్గానే ఉంటాయి. అది మాని చీటీలు తీయండి. 40 బడులుంటే 20 మొదటి విడత, 20 రెండో విడత. రెండు విడతల మధ్య మూడు, నాలుగు నెలలు ఎడం ఉంచండి. రెండో విడత మొదలయ్యే ముందు వారంలో 40 బడుల్లోనూ పిల్లలను పరీక్షించండి. ఎవరికీ శిక్షణ ఎగ్గొట్టలేదు, ఎవరికీ అన్యాయం జరగలేదు, పోల్చడానికి న్యాయమైన జత దొరికింది. చీటీ బడి పేరుతో తీయాలి, టీచరు పేరుతో కాదు. ఒకే బడిలో ఒకరు మొదటి విడత, ఇంకొకరు రెండో విడత అయితే మధ్యాహ్న భోజనం వేళకే శిక్షణ సంగతులన్నీ చేతులు మారతాయి. అది బడికి మంచిదే, పోలికకు కాదు.

ఎంతమంది పిల్లలను పరీక్షించాలి అన్నచోట చాలామంది పొరపడతారు. ఐదు పెద్ద బడుల్లో 40 మంది చొప్పున 200 మంది, 20 బడుల్లో పదిమంది చొప్పున 200 మంది ఒకటే అనుకుంటారు. ఒక బడి పిల్లలు ఒకరికొకరు పోలి ఉంటారు: అదే టీచరు, అదే ఊరు, అదే గది. ఆ పోలిక ఎంత ఉంటే నలభయ్యో పిల్ల చెప్పే కొత్త సంగతి అంత తగ్గుతుంది. పిల్లల మధ్య ఉన్న మొత్తం తేడాలో ఐదో వంతు బడిని బట్టి వచ్చేదనుకుంటే, 20 బడుల్లోని 200 మంది లెక్కలో సుమారు 71 మంది విడివిడి పిల్లలతో సమానం. ఐదు బడుల్లోని 200 మంది 23 మందితోనే సమానం. శ్రమ ఒకటే, ఫలం మూడో వంతు. అందుకే బడులు ఎక్కువ, బడిలో పిల్లలు తక్కువ. 40 బడులతో కూడా చిన్న తేడా పట్టుబడదు, చెప్పుకోదగ్గ తేడా ఉంటేనే పట్టుబడుతుంది. ఇంకా సన్నగా చూడాలంటే మూడు నాలుగు మండలాలు కలవాలి.

పరీక్షించే మనుషులు కూడా ఉన్నారు. హన్మకొండ డైట్ (ప్రభుత్వ టీచరు శిక్షణ సంస్థ)లోనూ ప్రైవేటు కాలేజీల్లోనూ డీఎల్ఈడీ (ప్రాథమిక టీచర్ల డిప్లొమా) చదివే ఛాత్రోపాధ్యాయులు ఉన్నారు. 2016లో, ఆ తర్వాత 2019లో జరిగిన జిల్లాల విభజనతో పాత వరంగల్ ఆరు జిల్లాలైంది, డైట్ మాత్రం ఒక్కటే. ఉన్న కొద్దిమంది లెక్చరర్లతో ఆరు జిల్లాల బడులను తిరిగి చూడడం అయ్యే పని కాదు. ఛాత్రోపాధ్యాయులతో అవుతుంది. లెక్క చూడండి: ఒక్కో పిల్లకు ఏడు నిమిషాలు, బడికి పదిమంది. ఇద్దరు కలిసి వెళ్లి చెరో పిల్లను కూర్చోబెట్టుకుంటే గంట లోపు అయిపోతుంది. పొద్దున ఒక బడి, మధ్యాహ్నం ఒక బడి. పది జతలు రెండు రోజుల్లో 40 బడులు పూర్తిచేస్తాయి. ముందు ఒక రోజు వాళ్లకు తర్ఫీదు, ఆ రోజు రాని పిల్లల కోసం వెనక ఒక రోజు. మొత్తం నాలుగు రోజులు, 20 మంది. ఏ బడి మొదటి విడతో, ఏది రెండో విడతో వాళ్లకు చెప్పకూడదు. నాలుగు బడుల్లో 40 మందిని మరొకరు మళ్లీ పరీక్షించి మార్కులు సరిపోతున్నాయో లేదో చూడాలి. కాబోయే టీచరుకు ఇరవై రకాల చదువరులను దగ్గరగా వినే అవకాశం ఇంతకంటే ఎక్కడ దొరుకుతుంది?

పిల్లలను ఎంచేది ఆ రోజు కూర్చున్నవాళ్లలోంచి కాదు, హాజరు పట్టీలోంచి. ఈ ఒక్క నియమం తప్పితే మిగతావన్నీ నీళ్ల పాలు. వరంగల్, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో అక్టోబరు చివర్నుంచి పత్తి ఏరుడు మొదలవుతుంది. ఫిబ్రవరి నుంచి మిర్చి ఏరుడు. పెద్దపిల్లలు చేనుకు పోతారు, చిన్నపిల్లలు తమ్ముళ్లను ఎత్తుకొని ఇంటిదగ్గర ఉంటారు, కొన్ని కుటుంబాలు ఊరే విడిచి పోతాయి. ఈ రానివాళ్లలో ఎక్కువమంది చదువులో వెనకబడ్డవాళ్లే. వాళ్లు రాని రోజు పరీక్ష పెడితే సగటు తనంతట తాను లేస్తుంది. మేడారం జాతర వచ్చే ఏడు మాఘమాసంలో ములుగు బడుల్లో పిల్లలు కనబడరు, టీచర్లలో సగం మంది డ్యూటీల్లో ఉంటారు. బతుకమ్మ, దసరా సెలవుల తర్వాతి మొదటి వారం కూడా పనికిరాదు. నా లెక్కలో మన ప్రాంతానికి సరైన కాలాలు రెండే: జూలై మొదటి పక్షం, జనవరిలో సంక్రాంతి సెలవులయ్యాక పది రోజులు, అదీ జాతర లేని చోట. హైదరాబాదులో కూర్చొని రాష్ట్రమంతా ఒకే తేదీ వేస్తే పత్తి చేలు ఆ తేదీని మన్నించవు.

ఇక కొలబద్ద. పల్లె పిల్లల చదువును ఇంటింటికీ తిరిగి చూసే అసర్ సర్వే 2005 నుంచి వాడుతున్న పద్ధతి తెలిసిందే: అక్షరం, పదం, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఒక్కొక్క పిల్లతో, నోటితో. నమూనా అదే తీసుకోవచ్చు, తెలుగుకు తగ్గట్టు మార్చుకోవాలి. చెల్లాచెదురుగా రాసిన పది గుణింతాక్షరాలు, ఒత్తులు లేని ఎనిమిది పదాలు, ఒత్తులున్న ఎనిమిది పదాలు, 40 పదాల లోపు ఒక పేరా, మూడు ప్రశ్నలు. పేరా పాఠ్యపుస్తకంలోది కాకూడదు. మన పిల్లల్లో చాలామందికి పాఠం కంఠతా వచ్చు. పేజీ తిప్పి తలకిందులుగా పెట్టినా అదే రాగంలో అప్పజెబుతారు. 'క కా కి కీ' వరసలో గడగడ చెప్పిన పిల్లకు 'కి' ఒక్కటి చూపిస్తే వేలు మడిచి మొదటినుంచి లెక్కపెట్టుకుంటూ వస్తుంది. అది చదవడం కాదు, పాట. దాన్ని పట్టుకోవడానికి అర్థం లేని పదాలు రెండు మూడు కలపాలి: 'మిటు', 'లోపె' లాంటివి. గుర్తుపెట్టుకొని చదివే పిల్ల అక్కడ ఆగిపోతుంది. అక్షరాలు కలుపుకునే పిల్ల దాటిపోతుంది.

పునాది చదువుల కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతికి నిమిషానికి 60 పదాలన్నారు. దాన్ని తెలుగుకు యథాతథంగా అంటించకండి. హిందీలో 'పఢ్ రహా హై' మూడు పదాలు, మనకు 'చదువుతున్నాడు' ఒక్క పదం. 60 హిందీ పదాలూ 60 తెలుగు పదాలూ ఒక్కటే బరువు కావు. 2022 మార్చిలో జరిగిన పునాది అభ్యసన అధ్యయనంలో భాషకొక ప్రమాణం వేరుగా పెట్టింది అందుకే. మండలంలో పోల్చడానికైతే పదాలు వదిలేసి నిమిషంలో సరిగ్గా చదివిన అక్షరాలు లెక్కపెట్టుకోవడం మేలు.

మార్కులు వేసేచోట ఒక సంగతి ముందే తేల్చుకోవాలి. పేరా ఇలా ఉందనుకోండి: 'రాజు సంతలో మేకపిల్లను కొన్నాడు. దారిలో వాన మొదలైంది. మేకపిల్లను కండువాలో చుట్టుకొని చెట్టు కిందికి పరుగెత్తాడు.' మన పిల్ల 'కొన్నడు' అని చదువుతుంది. తప్పా? 'పరుగెత్తిండు' అంటుంది. తప్పా? నా మట్టుకు ఈ రెండూ నూటికి నూరుపాళ్లు సరైనవి. పిల్ల అక్షరాలు చూసింది, పదం పట్టుకుంది, తన నోటితో పలికింది. 'ఉరికిండు' అని చదివితే ఇంకా పెద్ద సంగతి. ఆ పిల్లకు అర్థం పూర్తిగా తెలిసింది, కాగితం మీది పదాన్ని మాత్రం తన మాటతో మార్చింది. దాన్ని సున్నా చుట్టి వేరుగా రాసుకోవాలి. కచ్చితత్వంలో లెక్కకు రాదు, అర్థంలో పూర్తి మార్కు. ఇవి ముందు తేల్చుకోకపోతే ఒక జత తప్పు వేస్తుంది, ఇంకో జత ఒప్పు వేస్తుంది, బడుల మధ్య తేడా అనుకున్నది పరీక్షించినవాళ్ల మధ్య తేడాగా తేలుతుంది. ఇక ప్రశ్నలు. 'రాజు ఏం కొన్నాడు' అంటే చాలామంది చెబుతారు. 'కండువాలో ఎందుకు చుట్టాడు' దగ్గర గది నిశ్శబ్దమవుతుంది. పేరా తడుముకోకుండా చదివి ఆ ప్రశ్న దగ్గర ఆగిన పిల్లలు ఎందరో విడిగా లెక్కపెడితే తర్వాతి శిక్షణ దేనిమీద ఉండాలో తెలిసిపోతుంది.

తాడ్వాయి, ఏటూరునాగారం దిక్కు కోయ పిల్లలు, మహబూబాబాద్ తండాల లంబాడి పిల్లలు, ఆదిలాబాద్, ఆసిఫాబాద్‌లో గోండు, కొలాం పిల్లలు ఈ ప్రశ్నకు తమ భాషలో జవాబిస్తే తీసుకోవాలి. అందుకు ఆ భాష తెలిసిన మనిషి జతలో ఉండాలి. ఇంటి భాష గడి లేని కాగితం ఆ బడుల టీచర్లకు అన్యాయం చేస్తుంది.

లెక్కల్లో మార్కు కంటే తప్పు విలువైనది. 52లోంచి 27 తీసేయమంటే చాలామంది 35 అని వేస్తారు. ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి రెండు పోతే మూడు. ఈ పిల్లలకు తీసివేత రాదని కాదు, చిన్న అంకెను పెద్దదాంట్లోంచి తీయాలన్న సూత్రం మరీ గట్టిగా వచ్చేసింది. వీళ్లకు కావలసింది ఇంకో 20 లెక్కలు కాదు, పదేసి పుల్లల కట్టలు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతిలో పెట్టి 27 ఇవ్వమంటే ఒక కట్ట విప్పక తప్పదు. విప్పిన చేతికి అరువు అంటే ఏమిటో తెలుస్తుంది. జవాబు పత్రాల్లో 35 ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టని మూల్యాంకనం 'తీసివేతలో వెనకబాటు' అని రాసి ఊరుకుంటుంది. ఆ మాటతో ఏ టీచరూ ఏమీ చేయలేడు.

తరగతి గది పరిశీలన గురించి ఒక హెచ్చరిక. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. 100 బడుల్లో పిల్లలకు పరీక్షలు పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో టీచర్లకు వివరంగా నివేదికలు ఇచ్చి, తరగతులు గమనించారు. ఇవేవీ అందని మరో 300 బడులతో పోల్చారు. గమనించడానికి వెళ్లినప్పుడు ఆ 100 బడుల టీచర్లు ఎక్కువ కష్టపడుతూ కనిపించారు. సంవత్సరాంతంలో పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. మనిషి వచ్చి కూర్చున్న రోజు గది వేరు, మిగతా రోజుల గది వేరు. రిపోర్టు ఇచ్చేసి వచ్చినంత మాత్రాన చదువు కదలదన్నది దీని రెండో పాఠం. మన తనిఖీలన్నీ ఈ రెండు గుంతల్లోనే పడుతున్నాయి.

అందుకే పరిశీలకుడు 'టీఎల్ఎం (బోధనోపకరణాలు) వాడుతున్నారా, అవును/కాదు' అనే పట్టీ నింపడం మానాలి. 40 నిమిషాల పీరియడులో నాలుగు నిమిషాలకోసారి తలెత్తి ఆ క్షణంలో పిల్లలు ఏం చేస్తున్నారో ఒక్క గుర్తు వేయాలి: బోర్డు చూసి రాస్తున్నారు, కోరస్ చెబుతున్నారు, ఒక్కరే చదువుతున్నారు, ఖాళీగా ఉన్నారు. పది గుర్తులొస్తాయి. పక్కన ఇంకో లెక్క: ఎంతమంది పిల్లలు ఒంటరిగా, గొంతు విప్పి చదివారు, టీచరు విన్నాడు. ఆ తర్వాత చాటుగా కాదు, టీచరు ముందే, ఏవో మూడు నోటుబుక్కులు తీసి వెనక్కి తిప్పాలి. పరిశీలకుడి కోసం ఒక పీరియడు మార్చుకోవచ్చు, రెండు నెలల నోటుబుక్కు మార్చలేరు. ఎర్ర సిరా ఎక్కడ ఆగిందో, పిల్ల సొంతంగా రాసిన వాక్యం ఒక్కటైనా ఉందో లేదో అది చెబుతుంది. గోడలను చూసి మురిసిపోవద్దు. ఏపీపీఈపీ అని బ్రిటన్ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో 1990లలో నడిచిన పథకంలో పిల్లల పనిని గోడమీద ప్రదర్శించడం ఒక సూత్రం. సూత్రం మంచిదే. తనిఖీకి అదే గుర్తయ్యాక గోడలు నిండడం చాలా తేలిక.

కొలిచాక శిక్షణలో ఏం మార్చాలి? నేను ముందుగా కోసేది రోజులు. 60 మంది టీచర్లు, ఐదు రోజులు అంటే 300 టీచరు దినాలు. పని దినాల్లో పెడితే, ఒక్కొక్కరికి 20 మంది పిల్లలనుకున్నా 6,000 పిల్లల దినాలు పోయినట్టు. ఏకోపాధ్యాయ బడికైతే తాళమే, సీఆర్పీని (క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ను) పంపితే తప్ప. వేసవిలో పెడితే బడి తెరిచేసరికి సగం మరిచిపోతారు. అదే రెండు రోజులకు కుదిస్తే 120 దినాలు. మిగిలిన 180 దినాల్లో సగం చాలు, ప్రతి టీచరు దగ్గరికీ మూడుసార్లు మనిషిని పంపడానికి: 60 మంది, మూడేసి సందర్శనలు, రోజుకు రెండు చొప్పున 90 దినాలు. దక్షిణాఫ్రికాలో సెట్స్వానా భాష చదువు మీద సిల్లియర్స్, ఫ్లైష్, ప్రిన్స్‌లూ, టేలర్ ఇదే పోలిక చేసి చూశారు. ఒకే పాఠ్య ప్రణాళికలు, ఒకే పుస్తకాలు. ఒక గుంపుకు ఒక చోట చేర్చి శిక్షణ, ఇంకో గుంపుకు బడికే వచ్చి పక్కన నిలబడే కోచ్. కోచ్ వచ్చిన బడుల్లో పిల్లల చదువు పెరుగుదల దాదాపు రెండింతలు. కోచింగుకు ఖర్చు ఎక్కువే. హాలు శిక్షణ దినాలను కోసి ఆ ఖర్చు తేవాలన్నది నా మాట.

ఆ రెండు రోజుల్లో కూడా ఒక్క పని. ఉదాహరణకు రోజూ 20 నిమిషాలు, చదువు స్థాయిని బట్టి పిల్లలను మూడు గుంపులు చేసి ఒక గుంపులో ఒక్కొక్కరి చేత ఒంటరిగా చదివించి వినడం. అది తప్ప ఇంకేం లేదు. మొదటి గంటలో రిసోర్స్ పర్సన్ పక్క బడినుంచి పిలిచిన నిజమైన పిల్లలతో ఆ పని చేసి చూపాలి. టీచర్లను పిల్లల్లా కూర్చోబెట్టి చేసే నటన పనికిరాదు, అందులో ఎవరూ 35 అని తప్పు వేయరు. ఆ తర్వాత ప్రతి టీచరూ పది నిమిషాలు చేసి చూపాలి. అందుకే హాల్లో 25 మందికి మించకూడదు. 70 మంది ఉన్న చోట పవర్‌పాయింటే నడుస్తుంది, వేరే దారి లేదు. రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి టీచరుకు దిగే మన శిక్షణలో ప్రతి మెట్టు దగ్గరా చేసేది తగ్గి చెప్పేది పెరుగుతుంది. పైమెట్టులో చేసి చూపించని మనిషి కిందిమెట్టులో శిక్షకుడు కాకూడదన్న నియమం ఒక్కటి పెట్టినా చాలా కారుడు ఆగుతుంది.

రెండో వారం మొదటి సందర్శన, ఆరో వారం రెండోది, పన్నెండో వారం మూడోది. వచ్చినాయన సగం పీరియడు తానే పాఠం చెప్పాలి, మిగతా సగం టీచరు చెబుతుంటే పక్కన ఉండాలి, చివర ఒక్క మాట చెప్పి పోవాలి. ఒక్కటే, ఐదు కాదు. స్కూల్ కాంప్లెక్స్ మీటింగుకు ప్రతి టీచరూ అంకెల పట్టీ బదులు ఐదుగురు పిల్లల నోటుబుక్కులు తేవాలి. ఎవరి పుస్తకం ఎవరిదో తెలియకుండా కలిపి, గుంపులుగా తప్పులు వెతికితే రెండు గంటలు చాలవు.

జనవరి పరీక్ష ఫలితం వారంలోగా బడికి చేరాలి, పిల్లల పేర్లతో, ప్రశ్నలవారీగా, ఒక్క పేజీలో. ఆ పేజీ పట్టుకొనే కోచ్ తర్వాతి సందర్శనకు రావాలి, లేకుంటే అది ఆ 100 బడులకు ఇచ్చిన నివేదికల్లాగే బీరువాలో పడుతుంది. మండలంలో బడుల ర్యాంకులు వేయొద్దు, పేపరుకు ఇవ్వొద్దు, ఏ టీచరునూ మీటింగులో నిలబెట్టొద్దు. ఒక్కసారి నిలబెడితే మరుసటేడు ఛాత్రోపాధ్యాయులు బడి గేటు దాటేలోపే ఎవరు కూర్చోవాలో, ఎవరు ఇంటిదగ్గర ఉండాలో నిర్ణయమైపోతుంది. మొదటి, రెండో విడతల మధ్య తేడా కనబడకపోతే ఆ సంగతి శిక్షణ పెట్టినవాళ్ల మీటింగులోనే చదవాలి. రెండో విడతను ఆపి, పాఠం మార్చి, మళ్లీ చీటీలు తీయాలి.